తాతగారిని ఒకసారి చూడాలి

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు, ఎందుకంటే ఆయన బతుకుతెరువే మాట్లాడటం. ఒళ్ళో బొమ్మను కూర్చోబెట్టుకుని, తన పెదవి కదపకుండా దాని చేత మాట్లాడిస్తాడు. ముప్ఫై ఏళ్ళుగా బళ్ళలో, క్లబ్బుల్లో, ఫ్యాక్టరీ వార్షికోత్సవాల్లో ఇదే పని. బొమ్మ పేరు కోపాల తాత. బట్టతల, గుబురు కనుబొమలు, అటూ ఇటూ తిరిగే గాజుకళ్ళు, ఏడేళ్ళ పిల్లంత ఒళ్ళు. తాత ఎవర్నైనా తిడతాడు. హెడ్మాస్టర్ని తిడతాడు, మేనేజర్ని తిడతాడు, ముందు వరసలో కూర్చుని ఫోను చూసుకునే పెద్దమనిషిని పేరు పెట్టి మరీ తిడతాడు. తిట్లు తిన్నవాళ్ళే పగలబడి నవ్వుతారు. తాతను పెట్టెలో పెట్టేశాక మాత్రం మా ఆయన, కొట్టువాడు చిల్లర తక్కువిచ్చినా అడగడు. వెనక్కి వెళ్ళి నేనే అడగాలి.

జబ్బు వచ్చి హాళ్ళన్నీ మూతపడ్డాక ఏడాదిపాటు ఒక్క ఆట లేదు. కుట్టుమిషను తొక్కి నేనే ఇల్లు లాక్కొచ్చాను. చివరికి ఆ జబ్బు మా ఇంటికీ వచ్చింది. పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండి ఆయన బతికి బయటపడ్డాడు గానీ, ఊపిరితిత్తులు సగం అక్కడే వదిలేసి వచ్చాడు. మంచాలు చాలక ఇంటికి పంపించారు. ఆక్సిజన్ మిషను అద్దెకు తెచ్చి పెట్టుకోమన్నారు. "అన్నం తినేటప్పుడో, స్నానానికో ఓ రెండు మూడు నిమిషాలు తియ్యండి, అంతకు మించి వద్దు" అని డాక్టరు నా మొహంలోకి చూసి చెప్పారు. ఆ మిషను మంచం పక్కన గుయ్యిమని మోగుతుంటే నాకు ధైర్యంగా ఉండేది. దాని అద్దె ఏ వారానికి ఆ వారం ముందే కట్టాలి.

అప్పుడు వచ్చింది ఆ ఫారం. ఆటలు లేక ఇబ్బంది పడుతున్న కళాకారులకు అత్యవసర సాయం చేస్తారట, ఫోన్లోనే నింపి పంపొచ్చట. నేను కుట్టుపనిలో ఉండి "మీరే నింపండి" అన్నాను. నా బుద్ధి గడ్డి తినబట్టి మళ్ళీ చూడలేదు. కళాకారుడి పేరు, అంటే జనానికి తెలిసిన పేరు, రాయాల్సిన చోట ఆయన "కోపాల తాత" అని రాశాడు. వయసు ఎనభై. ఫొటో తాతది. కింద సహాయకుడి పేరని ఒక గడి ఉంటే అందులో తన పేరు రాసుకున్నాడు. మోసం చేద్దామని కాదు. మీరేం చేస్తుంటారని ఎవరైనా అడిగితే "తాత దగ్గరుంటానండీ" అని చెప్పే మనిషి ఆయన. పోస్టరు మీద ముప్ఫై ఏళ్ళూ ఆ పేరూ, ఆ వయసే ఉన్నాయి.

సంగతి నాకు మంగళవారం తెలిసింది. ఫోను మోగితే నేను స్పీకర్లో పెట్టాను.

"సాయం ఆఫీసు నుంచండీ. డెబ్బై దాటిన కళాకారులకు మొదటి విడతలో ఇస్తున్నాం. మీ ఇంట్లో తాతగారి పేరుంది. తాతగారు ఉన్నారా?" అని ఒకావిడ అడిగింది.

నాకేం అర్థం కాలేదు. తాతగారేంటి? తల తిప్పి మా ఆయన వంక చూశాను. ఆయన మొహం పాలిపోయింది. అవతల నుంచి ఆవిడ "తాతగారూ, వినపడుతోందా?" అంది గట్టిగా. స్టేజీ మీద ఎవరో ఒకరు తాతగారూ అని పిలవడం, తాత కసురుకోవడం, ముప్ఫై ఏళ్ళుగా జరుగుతున్నదే. ఆయన ముక్కులో పైపుతోనే, అలవాటు కొద్దీ, తాత గొంతుతో "ఆఁ, వినపడుతోంది, చెవుడేం లేదు!" అన్నాడు.

ఆవిడ నవ్వింది. గురువారం పదకొండింటికి వస్తానని, డబ్బు కవరు చేతికే ఇస్తానని చెప్పింది. "జబ్బు రోజులు కదా, సంతకాలూ వేలిముద్రలూ ఏమీ ముట్టుకోం. కిటికీలోంచి తాతగారిని ఒకసారి చూడాలి, ఆయన మాట వినాలి, అంతే" అంది.

ఫోను పెట్టేశాక ఆయన్ని అడగాల్సినవన్నీ అడిగాను, అనాల్సినవన్నీ అన్నాను. "మళ్ళీ ఫోన్ చేసి నిజం చెప్పేద్దాం" అన్నాడు ఆయన. సరే అనుకున్నాను. చెప్పేముందు ఊరికే, డెబ్బై లోపు వాళ్ళ సంగతేంటని వాళ్ళ మామూలు నంబరుకు చేసి అడిగాను. రెండో విడతలో ఇస్తామన్నారు. ఎప్పుడంటే రెండు నెలలు పట్టొచ్చన్నారు. ఆ సాయంత్రమే మిషను అద్దెకిచ్చినతను ఫోన్ చేశాడు.

"అక్కా, గురువారం పన్నెండుకి వారం అయిపోతుంది. కడతారా, తీసుకెళ్ళనా? ఏమీ అనుకోకండి. ఇంకో ఇద్దరు దానికోసం కూర్చున్నారు."

అప్పులు అడగగలిగిన ఇళ్ళన్నీ అప్పటికే అడిగేశాను. ఆ రెండు ఫోన్ల తర్వాత నేను కూర్చుని ఆలోచించాను. ఆలోచన నాదే. ఇది ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఆయన మీదకు నెట్టడానికేం లేదు.

"తప్పు కదే" అన్నాడు ఆయన.

"తప్పే. మీకు ఊపిరి ఆడకపోవడం ఒప్పా?" అన్నాను. ఆయన దగ్గర జవాబు ఉండదని తెలిసే అన్నాను.

మాది రెండో అంతస్తు. ముందు గది కిటికీ బయటి వరండాలోకి తెరుచుకుంటుంది. బుధవారమంతా ఆ గదిని స్టేజీలా తయారు చేశాం. ఎత్తు వీపున్న పాత కుర్చీని కిటికీకి దూరంగా, వెలుగు తక్కువగా ఉన్న మూల వేశాం. దాని వీపుకున్న గుడ్డ చింపి ఆయన చెయ్యి పట్టేంత కంత చేశాను. ఆయన కనపడకుండా కుర్చీకి రెండు పక్కలా దుప్పటి తెరలా కట్టాను. తాతకు ఉన్ని టోపీ పెట్టి, శాలువా చుట్టి, కాళ్ళ మీద రగ్గు కప్పాను. చివరగా మాస్కు తగిలించాను. తాత బొమ్మ అని తెలిసిపోయేది దవడ దగ్గరే, అక్కడ నోటికి రెండు పక్కలా గీతలుంటాయి. మాస్కు ఆ గీతల్ని కప్పేసింది. కుర్చీలో ముడుచుకుపోయిన ముసలాయన ఒకరు కూర్చుని నా వంక గుర్రుగా చూస్తున్నట్టుంటే, ఇరవై ఏళ్ళుగా తాతకు చొక్కాలు కుట్టిన నేనే ఒక్క క్షణం అదిరిపడ్డాను.

చిక్కల్లా ఆక్సిజన్ మిషనుతో. అది మోగుతుంటే తాత గొంతు కిటికీ దాటి పోదు. ఎవరికి బాగాలేదని ఆవిడ అడిగితే లోపలికి చూడాలంటుంది. పైగా పైపు తెర దాకా రాదు.

"ఐదు నిమిషాలు ఓర్చుకుంటాను. నా వల్ల కాకపోతే తాత తల వాల్చేస్తాను. నువ్వది చూడగానే ఏదో ఒకటి చెప్పి ఆవిణ్ణి పంపించెయ్. డబ్బు సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు ఆయన.

సరేనన్నాను. ఆయన చేతిలో చెయ్యేసి సరేనన్నాను.

గురువారం పదకొండు అయింది, ఎవరూ రాలేదు. పదీ పావుకే తయారై కూర్చున్న నేను కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. పదకొండూ ఇరవైకి కింద గేటు చప్పుడైంది. వంగి చూస్తే చేతిలో ఫైలుతో, మొహానికి ప్లాస్టిక్ అద్దంతో ఒకావిడ. నేను లోపలికి చూసి చెయ్యి ఊపాను. ఆయన పైపు తీసి, మిషను ఆపి, తెర వెనక్కి వెళ్ళాడు. ఇంట్లో ఒక్కసారిగా నిశ్శబ్దం పడింది.

అక్కడే మొదటి తప్పు జరిగింది. ఆవిడ వెంటనే పైకి రాలేదు. కింద ఇంటివాళ్ళని ఏదో అడిగింది. మెట్ల మీద ఆగి ఆయాసం తీర్చుకుంది. వరండాలోకి వచ్చాక చేతులకు మందు రాసుకుంది, తొడుగులు వేసుకుంది, ఫైలు తెరిచి కాగితాలు సర్దుకుంది. అవన్నీ పద్ధతిగా చేసుకునే మనిషి. మామూలు రోజైతే అలాంటి వాళ్ళంటే నాకు ఇష్టం. ఆవేళ మాత్రం ఆ తొడుగులు లాగి పారేద్దామనిపించింది.

"నమస్కారం తాతగారూ!" అంది కిటికీ ముందు నిలబడి. నలభై ఏళ్ళుంటాయి. మొహం మీది అద్దం ఆవిరి పట్టి మసకగా ఉంది, అది మా అదృష్టం అనుకున్నాను. నేను ఆవిడ పక్కనే, ఓరగా తెరిచిన తలుపు గుమ్మంలో నిలబడ్డాను.

"నమస్కారం. ఆలస్యంగా వచ్చావు" అన్నాడు తాత.

"క్షమించండి. మీది ఐదో ఇల్లు. మొత్తం తొమ్మిది ప్రశ్నలండీ, తొందరగా అడిగేస్తాను."

తొమ్మిదా! ఎన్నేళ్ళుగా ప్రదర్శనలిస్తున్నారని అడిగింది. "నువ్వు పుట్టకముందు నుంచీ. ఏం, అనుమానమా?" అన్నాడు తాత. ఆవిడ నవ్వుకుంటూ రాసుకుంది. ఆఖరి ప్రదర్శన ఎప్పుడు, సొంత ఇల్లా అద్దె ఇల్లా, వేరే ఆదాయం ఉందా, పింఛను వస్తోందా. తాత ఒక్కోదానికి ఒక్కో విసురు విసిరాడు. బాగానే ఉంది, గొంతు మునుపటిలాగే ఉంది. మాటకీ మాటకీ మధ్య మాత్రం ఎడం పెరుగుతోంది. ఆవిడకు అది ముసలితనంలా వినపడి ఉంటుంది. నాకు వినపడింది వేరు.

"ఇంట్లో ఎవరికైనా ఆరోగ్యం బాగాలేదా?" అని అడిగింది. ఆరో ప్రశ్న.

అలాంటిదేమైనా అడిగితే లేదు అని ఒక్క మాట చెప్పాలని ముందే అనుకున్నాం. గాజుకళ్ళు మెల్లగా నా వైపు తిరిగాయి.

"నా దగ్గర ఒకడున్నాడమ్మా. నోరు తెరిచి ఎవర్నీ ఏదీ అడగలేడు. వాడికి... బాగాలేదు. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటాడు. పెళ్ళాం లేస్తుందని దగ్గు కూడా... మింగేస్తాడు. వాడికి భయంగా ఉంది. చచ్చిపోతానని కాదు. వాడి కోసం అది కుట్టీ కుట్టీ... కళ్ళు పోగొట్టుకుంటుందని."

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన నాతో భయమేస్తోందని ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు కూడా నాతో అనలేదు, ఎవరో ఆఫీసు మనిషికి చెప్పాడు. ఆ క్షణాన తెర లాగేసి ఆయన్ని వాటేసుకుని ఏడవాలనిపించింది. కదలకుండా నిలబడ్డాను.

ఆవిడ కలం ఆపింది. "మీ అబ్బాయా?" అంది మెత్తగా.

"అలాంటివాడే" అన్నాడు తాత.

ఏడో ప్రశ్న, ఎనిమిదో ప్రశ్న. "ఊఁ" అని ఒకదానికి, రెండోదానికి తల ఊపడం. ఆవిడ ఫైల్లోంచి కవరు తీసింది. తెల్ల కవరు, మీద ముద్ర. "ఇదే ఆఖరుదండీ. సాయం నాకు అందింది అని మీ నోటితో ఒక్కసారి చెప్తే నేను టిక్కు పెట్టుకుంటాను."

తాత తల ముందుకు వాలిపోయింది.

ఆ తల వాలడం అంటే ఏమిటో ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. అందులో ఒకరు తెర వెనక ఉన్నారు, రెండోదాన్ని నేను. వెంటనే ఆవిణ్ణి పంపించెయ్యాలి. "అయ్యో, నిద్రపోయారు, రేపు రండి" అంటే చాలు. రేపు వస్తే పన్నెండుకి మిషను పోతుంది. కవరు ఆవిడ చేతిలో ఉంది, నాకు రెండడుగుల దూరంలో.

"తాతగారూ? ఏమైందండీ?" ఆవిడ కిటికీ ఊచలు పట్టుకుంది.

నా మొహానికి మాస్కు ఉంది. ముప్ఫై ఏళ్ళు ఒకే గొంతు వింటే ఎవరికైనా వస్తుంది. ఆయన్ని ఆటపట్టించడానికి వంటింట్లోంచి నేను ఎన్నోసార్లు ఆ గొంతుతో బదులు చెప్పినదాన్నే. నేను తల కాస్త లోపలికి తిప్పాను.

"అందిందమ్మా. అందింది. కునుకు పడుతోంది, ఇక వెళ్ళిరా."

నా గొంతు నాకే గుర్తు తెలియలేదు. ఆవిడ ఊపిరి పీల్చుకుని నవ్వింది. "హమ్మయ్య, భయపెట్టారు" అంటూ టిక్కు పెట్టింది. కవరు గుమ్మం ముందు స్టూలు మీద ఉంచి వెనక్కి జరిగింది. తొడుగులు విప్పింది, సంచిలో వేసింది, చేతులకు మళ్ళీ మందు రాసుకుంది. ఒక్కో వేలూ రుద్దుకుంది. "జాగ్రత్తగా చూసుకోండి, మంచి మనిషిలా ఉన్నారు" అని నాతో చెప్పింది. నేను తల ఊపాను. కవరు తీసుకుని జాకెట్లో దోపుకుని, ఆవిడ మెట్ల వైపు తిరిగేదాకా నవ్వుతూనే నిలబడ్డాను.

తెర లాగేసరికి ఆయన మోకాళ్ళ మీద ఉన్నాడు. ఒక చెయ్యి ఇంకా కుర్చీ వీపులోనే ఇరుక్కుని ఉంది, తల పక్కకు వేలాడుతోంది. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. తొంభై దాటి ఉండాల్సిన ఆక్సిజన్, వేలికి పెట్టిన మీటరులో డెబ్బై ఒకటి చూపిస్తోంది. మిషను వేశాను, పైపు ముక్కులో పెట్టాను, చెంపల మీద కొట్టాను, పిలిచాను. కళ్ళు తెరవలేదు. నా ఫోనెక్కడ పెట్టానో గుర్తు రాలేదు.

వరండాలోకి పరుగెత్తి మెట్ల మీదికి వంగి అరిచాను. "అమ్మా! వెనక్కి రండి! మీ కాళ్ళు పట్టుకుంటాను, వెనక్కి రండి!"

ఆవిడ ఆయాసపడుతూ వచ్చింది. ఇళ్ళలోకి వెళ్ళకూడదన్న నియమం మరిచిపోయి నేరుగా లోపలికి వచ్చి, కుర్చీలో తాత దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని నాడి చూద్దామని చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి చెక్క అని తెలిసి కెవ్వున అరిచింది.

"ఆయన కాదు. ఈయన!" అని దుప్పటి మొత్తం లాగేశాను.

ఆవిడ బొమ్మను చూసింది, కుర్చీ కంతను చూసింది, నేల మీది మనిషిని చూసింది. ఫోను తీసి అంబులెన్సుకు చేసింది.

"ఊపిరి ఆగిపోయేలా ఉంది, త్వరగా రండి. మగమనిషి. వయసు..." అని నా వంక చూసింది.

"యాభై నాలుగు" అన్నాను.

"యాభై నాలుగు" అంది ఆవిడ ఫోన్లో, నా మీద నుంచి చూపు తిప్పకుండా.

అంబులెన్సు వచ్చేసరికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా ఆయన్ని ఇద్దరం కలిసి బోర్లా పడుకోబెట్టి పట్టుకున్నాం. మీటరు డెబ్బై ఎనిమిదికి వచ్చి అక్కడే ఆగింది. స్ట్రెచరు మెట్లు దిగుతుండగా నేను కవరు తీసి ఆవిడకిచ్చాను. చెమటకు తడిసిపోయింది.

"అందింది అని చెప్పింది ఎవరు?" అని అడిగింది.

"నేనే."

"అప్పటికి ఆయనకి..."

"తెలుసండీ. తల వాలిస్తే ఊపిరి అందట్లేదని అర్థం. అలా అనుకున్నాం."

ఆవిడ నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. కవరు ఫైల్లో పెట్టుకుని, పెట్టిన టిక్కు మీద అడ్డంగా గీత గీసి, "వెళ్ళండి, బండి ఆగదు" అంది.

ఆయన బతికాడు. ఐదో రోజుకి కళ్ళు తెరిచి మాట్లాడాడు. ఈ లోపు సాయం ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. దరఖాస్తు రద్దయింది, కావాలంటే అసలు పేరుతో రెండో విడతకు పెట్టుకోవచ్చట. ఆవిడ జాలిపడి రాయించిన ఉత్తరమో, మామూలుగా అందరికీ పంపేదో తెలియదు. ఆక్సిజన్ మిషనును అద్దెకిచ్చినతను తీసుకెళ్ళిపోయాడు. నేను కుట్టుమిషను అమ్మేసి, ఇంకొకచోట ఆక్సిజన్ మిషనుకు రెండు నెలల అద్దె ముందే కట్టాను. ఆ సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు.

ఆసుపత్రిలో నేను మంచం పక్కన కూర్చుని ఉంటే ఆయన పైకప్పు చూస్తూ, "బాగా వచ్చింది" అన్నాడు.

"ఏంటి?"

"తాత గొంతు. అందిందమ్మా అన్నావు చూడు. నాకంటే బాగా వచ్చింది."

"వినపడిందా మీకు?"

"మొత్తం వినపడింది. చెయ్యి లాక్కోలేక అలాగే ఉన్నాను కదా. నేను మాట్లాడకుండానే తాత మాట్లాడుతున్నాడే అనుకున్నాను. పర్వాలేదు, ఇక నేను లేకపోయినా జరిగిపోతుందిలే అనిపించింది."

ఆయన మెచ్చుకుంటూనే అన్నాడు. అందులో దెప్పిపొడుపు లేదు, దెప్పడం ఆయనకు రాదు. అదే నేను తట్టుకోలేకపోయాను. తల వాల్చింది చూశానని, చూసి, కవరు కోసం తెలిసే మాట్లాడానని ఆయన చెయ్యి పట్టుకుని చెప్పాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.